“పబ్లిక్ ప్లేసే కదా” అంటే సరిపోతుందా? నెల్లూరు, ప్రకాశం ఫోటోల వెనకున్న చిక్కుముడి

మొహర్రం నెలలో వచ్చే రొట్టెల పండగకి నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెలు ఎన్ని చేతులు మారతాయో, ఫోన్లు అన్ని పైకి లేస్తాయి. మోకాలి లోతు నీళ్లలో తలమీద కొంగు కప్పుకుని నిలబడ్డ ఆడవాళ్లు, వెనక బారాషహీద్ దర్గా. ఇంతకన్నా మంచి ఫ్రేమ్ జిల్లాలో దొరకడం కష్టమే. ఆ ఫోటో బయటికి రాగానే వాదన మొదలవుతుంది. “మన పండగ గురించి నలుగురికీ తెలుస్తోంది, మంచిదేగా” అంటారు కొందరు. “ఆమెను అడిగి తీశారా?” అంటారు ఇంకొందరు. నేలపట్టు పక్షుల ఫోటోల మీదా, వెంకటగిరి మగ్గాల ఫోటోల మీదా, గుడి లోపల తీసిన రీల్స్ మీదా జరిగేవి ఇలాంటి తగాదాలే.

ఇవి ఓ పట్టాన తెగవు. ఎందుకంటే ఒకరు చోటు గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు మనిషి గురించి మాట్లాడుతుంటారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు.

## ఒక్క ఫోటోకి నాలుగు ప్రశ్నలు

మన దేశంలో ‘ఫోటోగ్రఫీ చట్టం’ అని విడిగా ఏదీ లేదు. ఒక ఫోటో చుట్టూ నాలుగు ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి ఒక్కో చట్టమో కట్టుబాటో ఉంటుంది. నేను నిలబడ్డ చోట కెమెరా వాడనిస్తారా? ఫ్రేములో ఉన్న మనిషికి ఇష్టమేనా? ఫ్రేములో ఉన్న వస్తువు, అంటే చీరో బొమ్మో శిల్పమో, దాని మీద ఇంకెవరికైనా హక్కుందా? తీసిన ఫోటోని దేనికి వాడబోతున్నాను?

ఒకదానికి ‘సరే’ అని జవాబు వస్తే మిగతా మూడింటికీ వచ్చేసినట్టు అనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. దర్గా దగ్గర ఫోటోలు తీసుకోనిచ్చారంటే అది చోటుకి సంబంధించిన అనుమతి. నీళ్లలో ఉన్నావిడ తరఫున ఆ అనుమతి ఎవరూ ఇవ్వలేరు. ఆవిడ నవ్వుతూ తలూపినా, ఆ ఫోటోని రేపు ఓ నగల షాపు హోర్డింగ్ మీద వేసుకోవడానికి ఒప్పుకున్నట్టు కాదు.

## బటన్ నొక్కినవాళ్లదే ఫోటో, డబ్బులిచ్చి తీయించుకుంటే తప్ప

ముందు తేలికైనది చూద్దాం. ఫోటో మీద కాపీరైట్ ఎవరిది? 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో తీసిన వ్యక్తే దాని కర్త. ఫోటో కళాత్మకంగా ఉండాలన్న షరతేమీ లేదు. మసకగా వచ్చిన సెల్ఫీకీ అదే రక్షణ. 2012 సవరణకు ముందు ఫోటోకి ఆ హక్కు ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్లు ఉండేది. ఆ సవరణ తర్వాత తీసినవాళ్ల జీవితకాలం, వాళ్లు పోయాక మరో 60 ఏళ్లు.

మైపాడు బీచ్‌లో “అన్నా, ఒక ఫోటో తీస్తావా” అని దారినపోయేవాడి చేతికి ఫోన్ ఇచ్చామనుకోండి. సూత్రం ప్రకారం ఆ ఫోటోకి కర్త అతనే! దీని మీద ఎవరూ కోర్టుకెళ్లరు గానీ, అసలు తగాదా ఇంకోచోట ఉంది. ఒక జంట డబ్బులిచ్చి సోమశిల డ్యామ్ దగ్గర ప్రీవెడ్డింగ్ షూట్ చేయించుకుంది. వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోలకి మొదటి యజమాని తీయించుకున్నవాళ్లే. స్టూడియో వాటిని తన పేజీలో ప్రచారానికి పెట్టుకోవాలంటే వాళ్ల ఒప్పుదల కావాలి. స్టూడియోవాళ్ల వాదన కూడా కొట్టిపారేసేది కాదు. చేసిన పని చూపించుకోకపోతే కొత్త గిరాకీ ఎలా వస్తుందంటారు. అందుకే కొన్ని స్టూడియోల బుకింగ్ ఫారంలో కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఆ లైను ఉంటుంది. దాన్ని చదివేవాళ్లు తక్కువ.

ఒక్క సంగతి మరువకూడదు. కాపీరైట్ ఆ ఫోటోని ఇంకొకరు కాపీ కొట్టకుండా ఆపుతుందంతే. ఫోటోలో ఉన్న మనిషి మీద ఫోటోగ్రాఫర్‌కి అది ఏ హక్కూ ఇవ్వదు.

## చోటు: గోపురానికి ఒక రూలు, గర్భగుడికి ఒక రూలు

పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి గాలిగోపురాన్ని రోడ్డు మీద నిలబడి ఫోటో తీస్తే కాపీరైట్ గొడవ లేదు. పాత కట్టడాల మీద కాపీరైట్ ఎలాగూ ఉండదు. కొత్త భవనాలనైనా సరే ఫోటో తీయడం, బొమ్మ గీయడం, ప్రచురించడం ఉల్లంఘన కాదని చట్టంలో 52వ సెక్షన్ తేల్చి చెప్పింది. కానీ గడప దాటి లోపలికి వెళ్లాక మాట మారుతుంది. అక్కడ నడిచేది ఆలయ నిర్వాహకుల నియమం. గర్భగుడిలోని మూలవిరాట్టుని ఫోటో తీయకూడదన్నది దాదాపు అన్ని గుళ్లలో ఉన్న కట్టుబాటు. మాలకొండలాంటి చోట ఈ ఒత్తిడి ఇంకా ఎక్కువ. అక్కడ నరసింహస్వామి గుడి తెరిచేదే శనివారం ఒక్కరోజు. భక్తులూ కెమెరాలూ అన్నీ ఆ ఒక్కరోజే తోసుకోవాలి.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల దగ్గర 2018లో నియమాలు సడలించారు. తాజ్‌మహల్ లోపలి సమాధి మందిరం, అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్ తప్ప మిగతా చోట్ల ఫోటోలు తీసుకోవచ్చన్నారు. ట్రైపాడ్ నిలబెడితే మాత్రం విడిగా అనుమతి కావాలి. పాత స్మారకం, పూజలు జరిగే గుడి రెండూ ఒకటే అయినచోట రెండు రకాల నియమాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పాత ప్రకాశం జిల్లాలోని భైరవకోన ఇలాంటి చోటే. కొండను తొలిచి చేసిన ఎనిమిది గుహాలయాలు చరిత్ర చదివేవాళ్లకి శిల్పకళ, కార్తీకంలో వచ్చేవాళ్లకి శివుడు.

శ్రీహరికోట సంగతి వేరు. రాకెట్ లేచేటప్పుడు సూళ్లూరుపేట రోడ్డు మీద నుంచి ఫోటో తీయడాన్ని ఎవరూ ఆపరు. 2019 నుంచి ఇస్రో ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లను గ్యాలరీలోకే రానిస్తోంది. కానీ అంతరిక్ష కేంద్రం లోపలి భాగాల వైపు కెమెరా తిప్పితే అది దేశభద్రత విషయమైపోతుంది. డ్రోన్ ఎగరేయడమైతే ఊహకే రాకూడదు. 2021 డ్రోన్ నిబంధనలు ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా విడగొట్టాయి. ఆకుపచ్చ జోనులో 400 అడుగుల దాకా విడిగా అనుమతి అక్కర్లేదు. ఎరుపు జోనులో కేంద్ర ప్రభుత్వం అనుమతి లేనిదే ఎగరేయకూడదు. 250 గ్రాముల లోపు బుల్లి డ్రోన్‌కి లైసెన్సు అవసరం లేదన్న మాట నిజమే. దానర్థం ఎక్కడైనా ఎగరేయొచ్చని కాదు. పెళ్లి షూట్ల పుణ్యమా అని ఈ రెండో ముక్క చాలామందికి తెలియకుండానే పోయింది.

## నేలపట్టులో ‘వేట’ అంటే ఏమిటి?

నేలపట్టు, పులికాట్ 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. అయినా నెల్లూరోళ్లు వాటిని తమవిగానే చెప్పుకుంటారు, అందులో తప్పేం లేదు. శీతాకాలంలో నేలపట్టు చెరువులో మునిగి నిలబడే, కడప అని పిలిచే చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. ఫ్లెమింగోలు పులికాట్ ఉప్పునీళ్లలో మేత మేస్తాయి.

అభయారణ్యంలోకి వెళ్లి ఫోటో తీయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అనుమతితో జరగాల్సిన పని. 28వ సెక్షన్లో అనుమతి ఇవ్వదగిన కారణాల్లో ఫోటోగ్రఫీ పేరు స్పష్టంగానే ఉంది. చాలామంది చూడనిది ఆ చట్టంలో ‘వేట’కి ఇచ్చిన నిర్వచనం. తుపాకీ పట్టడం, వల వేయడంతో పాటు పక్షుల గుడ్లనూ గూళ్లనూ కదిలించడం, చెదరగొట్టడం కూడా అందులోకే వస్తుంది. దగ్గరి షాట్ కోసం గూడు పక్కకి పోతే తల్లి లేచిపోతుంది. అది తిరిగొచ్చేలోగా కాకో గద్దో గుడ్డు ఎత్తుకుపోతుంది, లేదా ఎండకి పిల్ల చచ్చిపోతుంది. బాణం వేసినా, లెన్సు వేసినా గూడుకి జరిగేది ఒకటే కాబట్టి చట్టం తేడా చూపలేదు.

దీని మీద పక్షి ఫోటోగ్రాఫర్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఫోటోలు లేకపోతే ఈ చెరువులను పట్టించుకునేవాళ్లే ఉండరు, సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్‌కి జనం వచ్చేది ఫోటోలు చూసే అన్నది ఒకటి. ఫలానా చెట్టు మీద ఫలానా గూడు అని లొకేషన్‌తో సహా పోస్ట్ చేస్తే మరుసటి ఆదివారం అక్కడ జాతరే అన్నది రెండోది. రెండు మాటలూ నిజమే. నాకు మాత్రం రెండోదే బలంగా కనిపిస్తుంది. లొకేషన్ చెప్పకపోయినా ఫోటో అందం తగ్గదు.

## సంతాన రొట్టె: బహిరంగ చోట సొంత గోడు

మళ్లీ చెరువు దగ్గరికి వద్దాం, ఎందుకంటే నాలుగు ప్రశ్నల్లో కష్టమైనది అక్కడే ఉంది.

రొట్టెల పండగలో రొట్టెలన్నీ ఒకటి కావు. సంతాన రొట్టె, వివాహ రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, విదేశీ రొట్టె, సొంతింటి రొట్టె అని కోరికను బట్టి పేర్లు. ఏ రొట్టె ఎక్కడ దొరుకుతుందో చెరువు గట్టున బోర్డులుంటాయి. కోరిక తీరినవాళ్లు ఆ రొట్టె తెచ్చి ఇస్తారు. ఆ కోరికే ఉన్నవాళ్లు దాన్ని పుచ్చుకుంటారు. వాళ్ల కోరిక తీరితే మరో ఏడాది వాళ్లు తెచ్చి ఇస్తారు. హిందువులూ ముస్లింలూ అన్న తేడా ఇక్కడ లేదు.

ఇప్పుడు ఒక ఫోటో ఊహించుకోండి. వెనక ‘సంతాన రొట్టె’ అన్న బోర్డు. ముందు ఒకావిడ రొట్టె ఇస్తోంది, ఇంకొకావిడ పుచ్చుకుంటోంది. ఇస్తున్నావిడ గురించి ఆ ఫోటో చెప్పేది శుభవార్త. పుచ్చుకుంటున్నావిడ గురించి చెప్పేది మాత్రం ఆమె అత్తింట్లోనే కొంతమందికి తెలియని సంగతి కావచ్చు. ఇద్దరూ వేలమంది మధ్య నిలబడ్డవాళ్లే. కాకపోతే ఆ వేలమందిలో ఆమెను గుర్తుపట్టేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. ఫోన్లలోకి వెళ్లాక ఆమె వీధంతా ఉంటుంది. ‘పబ్లిక్ ప్లేస్’ అన్న వాదన ఇక్కడ సగం వరకే నడుస్తుంది.

మరి చట్టం ఏమంటుంది? బహిరంగ ప్రదేశంలో మనిషి ఫోటో తీయడమే నేరం అని ఏ చట్టమూ అనలేదు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చింది. నాలుగు గోడల బయటికి అడుగుపెట్టినంత మాత్రాన మనిషి గోప్యత మొత్తం పోదన్న ఆలోచన ఆ తీర్పులో ఉంది. కానీ ఏ ఫోటో దగ్గర గీత దాటినట్టో అది చెప్పదు, చెప్పలేదు కూడా. భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్ స్పష్టమైన హద్దు ఒకటి గీసింది. ఆడమనిషి తనను ఎవరూ చూడరని నమ్మే పరిస్థితిలో, ఆంతరంగికమైన పనిలో ఉన్నప్పుడు తీస్తే నేరం. పుణ్యస్నానాల దగ్గర ఈ హద్దు మీద గొడవ రాజుకుంటుంది. 2025లో ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో స్నానాలు చేస్తున్న ఆడవాళ్ల వీడియోలు పెట్టిన సోషల్ మీడియా ఖాతాల మీద యూపీ పోలీసులు కేసులు పెట్టారు.

కొత్తగా వచ్చి చేరింది డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023. మనిషిని గుర్తుపట్టేలా ఉన్న డిజిటల్ ఫోటో కూడా వ్యక్తిగత డేటానే. సొంత, ఇంటి అవసరాలకు వాడుకునేదానికి ఈ చట్టం వర్తించదు. కాబట్టి ఫోన్ గ్యాలరీలో ఉంచుకున్న ఫోటోకి టెన్షన్ లేదు. దాన్నే ట్రావెల్ పేజీ నడిపేవాడు డబ్బు వచ్చే పోస్టుగా మారిస్తే? 2025 నవంబరులో నిబంధనలు నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. పాత్రికేయానికి గానీ కళకి గానీ ఈ చట్టంలో ప్రత్యేక మినహాయింపు లేదు. పాత్రికేయ సంఘాల ప్రధాన అభ్యంతరాల్లో ఇదొకటి. జాతరల ఫోటోలు తీసేవాళ్ల మీద ఇది ఎంతవరకు పడుతుందో కోర్టుల ముందుకు వచ్చాకే తేలుతుంది.

## యానాదుల ఫోటోలు, డబ్బులివ్వాలా వద్దా అన్న వాదన

సంస్కృతి పేరుతో మనుషుల ఫోటోలు తీయడం నెల్లూరులో నిన్న మొన్నటిది కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన సంపుటాల్లో యానాదులనే గిరిజన తెగ గురించి పెద్ద వ్యాసం, ఫోటోలు ఉన్నాయి. మనుషుల తలలూ ముక్కులూ కొలిచి పట్టికలు వేసిన కాలమది. ఆ ఫోటోల వల్లే ఈరోజు మనకి కొన్ని సంగతులు తెలుస్తున్నాయన్నది నిజం. వాటిలో ఉన్న మనుషుల పేర్లు మనకి తెలియవన్నదీ అంతే నిజం. ‘ఒక యానాది’ అంతే.

ఈ రెండో సంగతే ఇప్పటికీ నలుగుతోంది. కృష్ణపట్నం వైపు చేపలెండబెట్టే ఆడవాళ్లని, దొరువుల దగ్గర గుడిసెల ముందున్న పిల్లల్ని తీసిన ఫోటోలకి పోటీల్లో బహుమతులు రావచ్చు, ఫోటోగ్రాఫర్‌కి పేరు రావచ్చు. ఫోటోలో ఉన్నామె చేతికి ప్రింటు కూడా రాదు. “ఏందన్నా, తీసుకుని ఏం చేస్తావ్ ఆ ఫోటో?” అన్న ప్రశ్నలో ఉన్నది సిగ్గు ఒక్కటే కాదు, లెక్క కూడా. డబ్బులివ్వడమే న్యాయం అంటారు కొందరు. డబ్బులిస్తే సహజత్వం పోతుంది, రేపటి నుంచి ఫోటో కోసమే గుడిసె ముందు నిలబడతారు అని అనుభవజ్ఞులైన ఫోటోగ్రాఫర్లు ఎదురు చెబుతారు. సహజత్వం గురించి దిగులుపడేది ఎప్పుడూ కెమెరా వెనకున్నవాళ్లే కావడం గమనించదగ్గ విషయం. అలాగని డబ్బు అందితే అంతా సరిపోతుందనీ లేదు. ఇబ్బందిలో ఉన్నవాళ్లకి నోటు చూపిస్తే వాళ్లు కాదనడం కష్టం. అప్పుడు ‘సరే’ అన్నమాటకి బరువు తగ్గిపోతుంది.

## మగ్గం మీద ఉన్న డిజైన్ ఫోటోకెక్కితే

వెంకటగిరిలో గుంట మగ్గం పక్కన కూర్చుని జాందానీ పని చూడటం ఓ అనుభవం. పేక నడుస్తుండగానే చిన్న చిన్న రంగు దారాలను చేత్తో పడుగులోకి దూర్చి బుటా తేలుస్తారు. ఫోటోకి అంతకన్నా ఏం కావాలి! అయితే అప్పుడే మొదలెట్టిన కొత్త డిజైన్ మగ్గం మీద ఉంటే కొంతమంది నేతగాళ్లు కెమెరా వద్దంటారు. బయటివాళ్లకి ఇది మొహమాటంగానో మూర్ఖత్వంగానో కనిపిస్తుంది. దీని వెనక గట్టి కారణమే ఉంది.

వెంకటగిరి చీరకి, ఉదయగిరి చెక్క స్పూన్లకి భౌగోళిక గుర్తింపు ఉంది. దాన్నే జీఐ ట్యాగ్ అంటున్నాం. అది కాపాడేది పేరుని. వేరేచోట నేసిన చీరని ‘వెంకటగిరి’ అని అమ్మకుండా ఆపుతుంది. డిజైన్‌ని కాపాడదు. వేరే పేరుతో అదే బుటా మరమగ్గం మీద దించితే జీఐ దగ్గర జవాబు ఉండదు. కాపీరైట్ కాపాడుతుందా అంటే, రిజిస్టర్ చేయని డిజైన్‌ని యంత్రం మీద 50 సార్లకు మించి వస్తువులుగా తయారుచేశాక ఆ రక్షణ పోతుంది. ఆ తయారీ హక్కుదారు చేసినా, ఆయన ఒప్పుదలతో ఇంకొకరు చేసినా అంతే.

మిగిలింది డిజైన్ల చట్టం, 2000. దాని కింద రిజిస్టర్ చేసుకుంటే 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ. కానీ దరఖాస్తు నాటికి ఆ డిజైన్ ప్రపంచంలో ఎక్కడా బయటపడి ఉండకూడదు. అంటే ఏమైనట్టు? ఆదివారం వెంకటగిరి వచ్చిన ఒక ట్రావెల్ ఫోటోగ్రాఫర్ మగ్గం మీది కొత్త అంచుని దగ్గరగా తీసి, “ఇదీ మన వారసత్వం” అని సదుద్దేశంతోనే ఆ రాత్రికి పోస్ట్ చేస్తాడు. రెండు నెలల తర్వాత నేతగాడు రిజిస్ట్రేషన్‌కి వెళ్తే, ఆ పోస్టే చూపించి ఇది కొత్తది కాదని ఎదుటివాడు అనొచ్చు. నమ్మకం వమ్ముచేసి బయటపెట్టిన సందర్భాలకి చట్టంలో మినహాయింపు ఉంది గానీ, తానే నవ్వుతూ తీయనిచ్చిన ఫోటో విషయంలో దాన్ని నిరూపించుకోవడం ఆ నేతగాడికి తలకు మించిన పని.

ఇటువైపు వాదన కూడా ఉంది. చాలామంది నేతగాళ్లు ఏ డిజైనూ రిజిస్టర్ చేసుకోరు. వాళ్లకి కావలసింది కొనేవాళ్లు. ఉదయగిరిలో కొండ కర్రతో స్పూన్లు, ఫోర్కులు చెక్కేవాళ్లకి దూరపు ఆర్డర్లు రావాలంటే ఫోటోలే దారి. నాకు తోచేది ఏమిటంటే, మగ్గం మీద ఉన్నదీ షాపులో వేలాడుతున్నదీ ఒకటి కాదు. అమ్మకానికి పెట్టింది ఎలాగూ లోకానికి చూపించిందే. మగ్గం మీదిది ఇంకా చూపించనిది.

## ఫోటో చూసి బొమ్మ వేస్తే ఎవరిది?

స్కెచ్‌బుక్కులు పట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లు ఈమధ్య పెరిగారు. భైరవకోన జలపాతం ముందు కూర్చుని గీసిన బొమ్మకి ఏ చిక్కూ లేదు. చిక్కంతా ఇంకొకరి ఫోటో చూసి గీసినప్పుడు.

కాపీరైట్ ఆలోచనకి ఉండదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకి ఉంటుంది. మైపాడు ఒడ్డున సూర్యోదయం, పడవలు అన్నది ఆలోచన. ఎవరైనా గీసుకోవచ్చు. ఒక ఫోటోగ్రాఫర్ తీసిన ఫలానా ఫోటోలో మూడు పడవలు ఏ కోణంలో ఉన్నాయో, వల ఎక్కడ వేలాడుతోందో, నీడ ఎటు పడిందో అలాగే నీటిరంగుల్లో దించితే అది ఆ ఫోటోకి నకలే, మాధ్యమం మారిందంతే. ఇంట్లో సాధన కోసం దించుకుంటే సొంత వాడకం కింద చట్టం మన్నిస్తుంది. దాన్నే ప్రింట్లు వేసి అమ్మితే మన్నించదు. సాధనగా మొదలైనవి ఎగ్జిబిషన్‌కి చేరినప్పుడే చాలా గొడవలు వస్తాయి.

చివరిగా గోడ బొమ్మలు. బహిరంగ చోట శాశ్వతంగా నిలబెట్టిన శిల్పాన్ని ఫోటో తీసి ప్రచురించవచ్చని కాపీరైట్ చట్టం ఒక మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపులో శిల్పాలు, కళాత్మక హస్తకృతులు ఉన్నాయి గానీ పెయింటింగుల ప్రస్తావన లేదు. 2023లో ముంబయిలోని ఒక కుడ్యచిత్రాన్ని ఒక బీమా కంపెనీ తన ప్రకటనలోకి తీసుకుంటే, దాని మీద ఢిల్లీ హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చింది, ఆన్‌లైన్ పోస్టులు తీసేయమంది. ఊళ్లలో స్వచ్ఛ సర్వేక్షణ్ కోసం గోడల మీద వేయించిన బొమ్మలకీ ఇదే ప్రశ్న వస్తుంది. డబ్బులిచ్చి వేయించారు కాబట్టి కాపీరైట్ సాధారణంగా వేయించినవాళ్లదే అవుతుంది. అయినా ఈ బొమ్మ నాదని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద ఆర్టిస్టు దగ్గరే ఉంటుంది, కాపీరైట్ చేతులు మారినా అది పోదు. చాలా గోడల మీద కింద మూలన ఆర్టిస్టు పేరు, ఫోన్ నంబరు చిన్నగా ఉంటాయి. ఫ్రేము బాగా కుదరాలని ఫోటోలో ముందు కత్తిరించేది కూడా ఆ మూలనే.